ఉక్తం, అనుక్తం, దురుక్తం: ఒక వ్యాకరణ యంత్ర సమీక్ష

పదాన్ని ఎలా విభజించాలనేది కేవలం పండితుల వినోదం కాదు, ప్రాణాంతకమైన విషయం కూడా కాగలదని చెప్పడానికి మన పూర్వులు త్వష్ట కథను ఉదాహరించారు. తన కుమారుడైన విశ్వరూపుని ఇంద్రుడు వధించాడన్న ఆగ్రహంతో త్వష్ట, ఇంద్రుణ్ణి సంహరించగల పుత్రుని కోరి హోమం చేశాడు. ఆయన పలికిన మంత్రంలో "ఇంద్రశత్రు" అనే సమస్తపదం ఉన్నది. దానిని అంతోదాత్తంగా ఉచ్చరిస్తే తత్పురుష సమాసం. ఇంద్రుణ్ణి హతమార్చేవాడు అని అర్థం. ఆద్యుదాత్తంగా ఉచ్చరిస్తే బహువ్రీహి. ఎవనికి ఇంద్రుడే హంతకుడో అతడు అని అర్థం. త్వష్ట కోరినది మొదటి అర్థం, పలికినది రెండవ స్వరం. వృత్రాసురుడు పుట్టాడు, ఇంద్రుని చేతిలో హతుడయ్యాడు. అక్షరాలలో ఒక్కటి కూడా మారలేదు. విభజన మారింది, ఫలం తలక్రిందులైంది. అగ్నిహోత్రుడు యజమాని మనస్సులోని కోరికను విచారించలేదు, పలికినదానిని పలికినట్లే స్వీకరించాడు.

నేటి కంప్యూటరు కూడా ఇటువంటి అగ్నియే. ప్రోగ్రామును వ్రాసినవాని ఉద్దేశం దానికి అక్కరలేదు, వ్రాసిన పంక్తులే ప్రమాణం. ఆ పంక్తులను పదాలుగా, పదాలను వాక్యాంశాలుగా విభజించి, ఏది ప్రధానం, ఏది దానికి అంగం అని ఒక వృక్షరూపంలో నిర్ణయించే భాగాన్ని "పార్సర్" అంటారు. పదచ్ఛేదం, విగ్రహం, అన్వయం అనే మూడు పనులనూ ఒక్కటే చేసే వ్యాఖ్యాత వంటిది ఇది. మిగిలిన యంత్రాంగమంతా అది చెప్పిన అన్వయం మీదనే ఆధారపడి నడుస్తుంది. లక్షలాది మంది వాడుకలో ఉన్న భాషకు ఈ వ్యాఖ్యాతను తొలగించి క్రొత్త వ్యాఖ్యాతను నియమించవలసి వచ్చినప్పుడు, దానిని పరీక్షించేవారి ధర్మం ఏమిటి? పైథాన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్రలో 2020వ సంవత్సరంలో జరిగిన ఒక ఘట్టం ఈ ప్రశ్నకు చక్కని దృష్టాంతం. శాస్త్రాధ్యయనం చేసేవారికీ, సాధన చేసేవారికీ అందులో గ్రహించదగినది ఎంతో ఉన్నది.

ఒక్క పదం ముందుచూపు

పైథాన్ భాషను గీడో వాన్ రోసమ్ 1989 చివరలో నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్‌లో ఆరంభించి, 1991లో లోకానికి అందించారు. తొలినాళ్ళలోనే దానికి ఒక పార్సరును కూడా ఆయనే సమకూర్చారు. అది ఎల్‌ఎల్(1) అనే పద్ధతికి చెందినది. ఎడమనుండి కుడికి చదువుకుంటూ పోతూ, రాబోయే ఒక్క పదాన్ని మాత్రమే చూసి ఏ నియమాన్ని అనుసరించాలో నిర్ణయించుకోవడం దాని స్వభావం. ఆ కాలపు యంత్రాల స్వల్ప స్మృతికి అది యుక్తమైన పద్ధతియే. సుమారు ముప్పది సంవత్సరాలు అది నిరాటంకంగా సేవ చేసింది.

అయితే ఒక్క పదం ముందుచూపుతో అన్ని వాక్యాలకూ అన్వయం కుదరదు. ఒక ఫంక్షనుకు విలువలను అందించేటప్పుడు, ఒక పేరు కనబడగానే అది స్వయంగా ఒక విలువయా, లేక తరువాత సమానచిహ్నం వచ్చి అది విలువకు పెట్టిన పేరు కాబోతున్నదా అని ఒక్క పదం చూసి చెప్పలేము. అందుచేత పాత వ్యాకరణంలో సమానచిహ్నానికి ఎడమవైపు ఎటువంటి పదజాలం వచ్చినా ముందుగా అంగీకరించి, అయుక్తమైనవాటిని తరువాతి దశలో తిరస్కరించేవారు. వ్యాకరణ గ్రంథంలో వ్రాసినది ఒకటి, నిజంగా అమలయ్యే నియమం మరొకటి. అలాగే ఒక నియమం తనతోనే మొదలయ్యే విధంగా, అనగా వామావృత్తితో, వ్రాయడం ఆ పద్ధతిలో నిషిద్ధం. కూడిక తీసివేతల వంటి సహజమైన వాక్యాలను కూడా వంకరదారిలో వర్ణించవలసి వచ్చేది. సూత్రం ఒక చోట, దాని అసలు తాత్పర్యం మరొక చోట చెల్లాచెదరైన శాస్త్రాన్ని అధ్యయనం చేయడం ఎంత క్లేశమో వ్యాకరణం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు.

దీనికి ప్రత్యామ్నాయం "పెగ్" అనే పద్ధతి. బ్రయాన్ ఫోర్డ్ దీనిని 2004లో శాస్త్రీయంగా ప్రతిపాదించారు. ఇందులో పార్సర్ ఒక్క పదం దగ్గర ఆగిపోదు. ఒక మార్గంలో కొంతదూరం వెళ్ళి, అది కుదరకపోతే వెనుకకు వచ్చి రెండవ మార్గాన్ని ప్రయత్నిస్తుంది. ఒక చోట ఒక నియమం ఫలించిందో లేదో గుర్తుంచుకుంటే మళ్ళీ మళ్ళీ అదే శ్రమ పడనక్కరలేదు. వామావృత్తిని కూడా ఈ పద్ధతిలో సాధించవచ్చునని 2008లో మరికొందరు పరిశోధకులు నిరూపించారు. గీడో 2019లో దీనిని అధ్యయనం చేసి, పాబ్లో గలిందో, లిసాండ్రోస్ నికోలావూలతో కలిసి పైథాన్‌కు క్రొత్త పార్సరును నిర్మించి, 2020 మార్చిలో "పెప్ 617" అనే ప్రతిపాదనగా సమర్పించారు.

నిర్మాతయే పరీక్ష్యుడు

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. పైథాన్ విషయంలో చాలాకాలం గీడో మాటయే తుది మాట. 2018లో ఆయన ఆ అధికారాన్ని స్వయంగా వదులుకున్నారు. అటుపై ఐదుగురు సభ్యుల సారథ్య సంఘం ఏర్పడింది. మొదటి సంఘంలో ఆయన ఉన్నారు, 2020 నాటి సంఘంలో లేరు. అంటే, తాను పుట్టించిన భాషకు, తానే వ్రాసిన పాత పార్సరును తొలగించి క్రొత్తదానిని నిలపడానికి, ఆయన ఇతరుల అనుమతిని కోరవలసి వచ్చింది. ఆయన ప్రతిపాదన పత్రం వ్రాశారు, ప్రమాణాలు చూపారు, ప్రశ్నలకు సమాధానం చెప్పుకున్నారు. 2020 ఏప్రిల్‌లో సంఘం అంగీకరించింది.

ఇది ఆధునికమైన ఆచారంగా కనబడవచ్చు గాని, వ్యాకరణ శాస్త్రానికి ఇది అనాదిసిద్ధం. పాణిని మహర్షి సుమారు 4000 సూత్రాలతో అష్టాధ్యాయిని రచించారు. కాత్యాయనులు ఆ సూత్రాల మీద వేలాది వార్తికాలు వ్రాశారు. పతంజలి మహర్షి ఆ రెండింటినీ మహాభాష్యంలో విచారించారు. శుచియైన ప్రదేశంలో ప్రాఙ్ముఖులై, దర్భలు ధరించి, మహాప్రయత్నంతో కూర్చిన పాణిని సూత్రాలలో ఒక్క వర్ణమైనా వ్యర్థం కాజాలదని పతంజలి ఎంతటి భక్తితో భావించారో, అవసరం లేదని తోచిన సూత్రాలను అంతటి నిర్భయంగా ప్రత్యాఖ్యానం చేశారు. భక్తి పరీక్షకు అడ్డురాలేదు. పరీక్ష భక్తిని తగ్గించలేదు. పైగా ముగ్గురు మునులలో తరువాతివారి మాటకే అధిక ప్రామాణ్యమని సంప్రదాయం అంగీకరించింది. తన గ్రంథం ఇతరుల పరీక్షకు నిలవడమే దానికి నిజమైన గౌరవం.

వార్తికానికి పెద్దలు చెప్పిన లక్షణం ఒకటి ఉన్నది. ఉక్తాన్ని, అనుక్తాన్ని, దురుక్తాన్ని, అంటే చెప్పినదానిని, చెప్పకుండా విడిచినదానిని, సరిగా చెప్పనిదానిని విచారించేది వార్తికం. ఒక పార్సరును సమీక్షించేవానికి ఇంతకంటె సమగ్రమైన ప్రణాళిక వేరొకటి దొరకదు.

ఉక్త విచారం

క్రొత్త పార్సర్ విషయంలో మొదటి ప్రశ్న, ఇది వేగవంతమా, సుందరమా అన్నది కాదు. ఇంతవరకు లోకం పలికిన వాక్యాలన్నిటికీ పూర్వం ఉన్న అర్థమే ఇది చెబుతున్నదా అన్నదే. అందుకని నిర్మాతలు పైథాన్ 3.8తో వచ్చే ప్రామాణిక లైబ్రరీ మొత్తాన్ని క్రొత్త పార్సరుతో చదివించి, అది ఇచ్చిన అన్వయ వృక్షాన్ని పాత పార్సర్ ఇచ్చిన వృక్షంతో ప్రతి అంశంలోనూ పోల్చి చూశారు. ఏ పదం ఏ పంక్తిలో, ఎన్నవ స్థానంలో ఉన్నదన్న సూక్ష్మాంశం కూడా విడువలేదు. అంతటితో ఆగక, లోకంలో ప్రచారంలో ఉన్న సుమారు 3800 పైథాన్ ప్యాకేజీలను కూడా దానిచేత చదివించారు. అక్కడక్కడ క్రొత్తదానిలో కొన్ని దోషాలు బయటపడ్డాయి, సరిదిద్దుకున్నారు.

వేదపరీక్షలు చూచినవారికి ఈ ప్రక్రియ అపరిచితం కాదు. ఆంధ్రదేశంలో తైత్తిరీయ శాఖను అధ్యయనం చేసిన విద్యార్థిని పరీక్షకులు తనకు ఇష్టమైన చోట చెప్పమనరు. తాము కోరిన పనసను ఎత్తించి చెప్పిస్తారు. సంహితను పదంగా, పదాన్ని క్రమంగా, జటగా, ఘనగా చెప్పినప్పుడు, ఒకే పాఠం వేర్వేరు మార్గాలలో తిరిగి వచ్చి తనను తానే ధ్రువీకరించుకుంటుంది. ఒక స్వరం జారితే మరొక మార్గంలో అది పట్టుబడుతుంది. ఒకే వాక్యాన్ని ఇద్దరు వ్యాఖ్యాతలచేత అన్వయింపజేసి రెండింటినీ సరిపోల్చడంలో ఉన్న తత్త్వమూ అదే.

ఈ పోలికలో ఒక ఆశ్చర్యం జరిగింది. కొన్ని చోట్ల రెండు వృక్షాలూ విభేదించినప్పుడు, దోషం క్రొత్తదానిలో కాక పాతదానిలో ఉన్నదని తేలింది. పంక్తి, స్థానాల సంఖ్యలను పాత పార్సర్ కొన్ని చోట్ల తప్పుగా గుర్తిస్తూ వచ్చింది. ఎవరూ గమనించలేదు, ఎందుకంటే దానితో పోల్చి చూడడానికి రెండవది లేదు. నిర్మాతలు ఆ దోషాలను పాతదానిలోనే సరిదిద్దారు. తొలగించబోయే యంత్రమే కదా అని ఉపేక్షించలేదు. పరీక్ష అనేది క్రొత్తగా వచ్చినవానికి మాత్రమే పెట్టే అగ్ని కాదు. అది ప్రమాణంగా నిలబెట్టినదానిని కూడా శోధిస్తుంది. ఒరగల్లు మీద రెండు బంగారాలనూ గీసినప్పుడే ఏది మేలిమియో తెలుస్తుంది.

దురుక్త విచారం

పెగ్ పద్ధతిలో ఒక మహాగుణం ఉన్నది, దానిలోనే ఒక మహాప్రమాదమూ ఉన్నది. ఈ వ్యాకరణంలో సందిగ్ధతకు తావు లేదు. ఒక వాక్యానికి రెండు అన్వయాలు సంభవించినప్పుడు, నియమాలు వ్రాసిన వరుసలో ఏది ముందు ఉంటే అదే గెలుస్తుంది. పాణినీయంలో ఇందుకు విపర్యయం కనబడుతుంది. సమానబలం గల రెండు సూత్రాలు ఒకే చోట విరోధిస్తే తరువాతి సూత్రమే ప్రవర్తించాలని మహర్షి శాసించారు. సామాన్య విధి కంటె విశేష విధి, అంటే ఉత్సర్గం కంటె అపవాదం, బలవత్తరమని వైయాకరణుల సిద్ధాంతం. అక్కడ అపవాదం ఎక్కడ ఉన్నా ఉత్సర్గాన్ని బాధిస్తుంది. పెగ్‌లో ఆ విచక్షణ యంత్రానికి లేదు. అపవాదాన్ని ముందు, ఉత్సర్గాన్ని వెనుక ఉంచవలసిన బాధ్యత వ్రాసేవానిదే.

ఒక చిన్న ఉదాహరణ. "తాంబూలం" అన్నది మొదటి వికల్పం, "తాంబూలం దక్షిణ" అన్నది రెండవ వికల్పం అని ఒక నియమం వ్రాశారనుకుందాం. తాంబూలం కనబడగానే మొదటి వికల్పం సిద్ధించిపోతుంది. రెండవదాని వంతు ఎన్నటికీ రాదు. దక్షిణ పళ్ళెంలోనే మిగిలిపోతుంది. ఆ నియమం గ్రంథంలో ఉంటుంది, చూచేవారికి సరిగానే కనబడుతుంది, కాని ఏనాడూ ప్రవర్తించదు. యంత్రం దీనిని గురించి హెచ్చరిస్తుందన్న భరోసా లేదు. సందేహం కలిగితే అడుగుతుందన్న ఆశ లేదు. సందిగ్ధత లేకపోవడం వేరు, అభీష్టమైన అర్థమే కలగడం వేరు. త్వష్ట మంత్రంలోనూ సందిగ్ధత లేదు. పలికిన స్వరానికి ఒకే అర్థం ఉన్నది, అది ఆయన కోరినది కాదు.

కాబట్టి సమీక్షకుడు ప్రతి నియమం దగ్గరా ఆగి, ఈ వరుస ఎందుకు ఇలా ఉన్నది, దీనిని మార్చితే ఏ వాక్యం అన్వయం మారుతుంది, ముందున్నది వెనుకనున్నదానిని మ్రింగివేయడం లేదు కదా అని ప్రశ్నించుకోవాలి. ఇక్కడ మరొక వివేకమూ అవసరం. ఈ వ్యాకరణ గ్రంథం నుండి మరొక ప్రోగ్రాము సీ భాషలో వేలాది పంక్తుల పార్సరును స్వయంగా ఉత్పాదిస్తుంది. ఆ వేలాది పంక్తులను చదువుతూ కూర్చుంటే కాలం గడుస్తుంది గాని తత్త్వం తెలియదు. చూడవలసినవి సూత్రపాఠం, దానినుండి రూపాలను సాధించే ప్రక్రియ. రామ శబ్దం తెలిసినవానికి ప్రతి అకారాంత శబ్దాన్నీ వల్లించి చూపనక్కరలేదు.

అనుక్త విచారం

మూడవది కష్టతరం. ఎదుట ఉన్నదానిని చూడవచ్చు, లేనిదానిని చూడడానికి విశేష దృష్టి కావాలి. క్రొత్త పార్సర్ సాధువాక్యాలను సరిగా అన్వయించింది సరే, అసాధువాక్యం వచ్చినప్పుడు ఏమి చెబుతుంది? ముందుకు వెళ్ళి వెనుకకు వచ్చే పద్ధతిలో తప్పు నిజంగా ఎక్కడ జరిగిందో చెప్పడం సులభం కాదు, ఎందుకంటే అన్ని మార్గాలూ విఫలమైన తరువాతనే తప్పు ఉన్నదని తెలుస్తుంది. స్మృతి ఎంత ఖర్చవుతుంది? గుర్తుంచుకునే పద్ధతి స్వభావతః అధిక స్మృతిని కోరుతుంది. అయితే పాతదానిలో ఉండిన ఒక మధ్యస్థ వృక్షం ఇందులో అవసరం లేకపోవడం చేత ఆ భారం కొంత తీరింది. కాలంలోనూ, స్మృతిలోనూ పాతదానికి పది శాతం వ్యత్యాసంలోపల ఉండేటట్లు దీనిని తీర్చిదిద్దారు.

అన్నిటికంటె ముఖ్యంగా, పాత యంత్రాన్ని ఆశ్రయించుకుని బ్రతుకుతున్నవారి మాట ఏమిటి? ఆ మధ్యస్థ వృక్షాన్ని ఇతరులకు అందించే ఒక మాడ్యూలు ఉండేది. దానిని వాడుకునేవారు ఉన్నారు. పాత పైథాన్ ప్రోగ్రాములను క్రొత్త రూపంలోకి మార్చే సాధనం ఒకటి ఎల్‌ఎల్(1) పద్ధతి మీదనే నిర్మితమైనది. రాబోయే క్రొత్త వాక్యనిర్మాణాలను అది చదువలేదు. ఇవేవీ సమర్పించిన పంక్తులలో కనబడేవి కావు. గర్భాలయాన్ని జీర్ణోద్ధారం చేసేటప్పుడు ప్రాకారంలో దీపం పెట్టుకునే వృద్ధురాలు ఎక్కడికి పోవాలని ఆలోచించడం వంటిది ఈ విచారం.

దేవాలయాలలో జీర్ణోద్ధారణ సమయంలో మూలమూర్తిని ఉన్నట్లుండి కదిలించరు. శక్తిని కలశంలోకి ఆవాహన చేసి బాలాలయంలో నిత్యార్చన సాగిస్తారు. ఒక్క పూట కూడా నైవేద్యం ఆగరాదు. పైథాన్ నిర్వాహకులు కూడా ఇటువంటి జాగ్రత్తనే పాటించారు. 2020 అక్టోబరులో వెలువడిన 3.9లో క్రొత్త పార్సరును ప్రధానంగా నిలిపి, కావలసినవారు పాతదానిని ఎంచుకునే వెసులుబాటును అందులోనే ఉంచారు. ఒక ఆవృత్తి గడిచి, నమ్మకం స్థిరపడిన తరువాత, 2021 అక్టోబరు నాటి 3.10లో పాతదానికి ఉద్వాసన చెప్పారు. పైన చెప్పిన మాడ్యూలు కూడా ముందుగా హెచ్చరిక పొంది, ఆ ఆవృత్తిలోనే తొలగింది.

పరీక్షకు ఫలం

పునాది దృఢపడిన తరువాత ఫలాలు కనబడ్డాయి. 3.10లో "మ్యాచ్" అనే క్రొత్త వాక్యం ప్రవేశించింది. ఆ పదాన్ని అప్పటికే ఎందరో తమ ప్రోగ్రాములలో మామూలు పేరుగా వాడుకుంటున్నారు. దానిని శాశ్వతంగా భాషకే స్వాధీనం చేస్తే వారి వాక్యాలన్నీ అసాధువులయ్యేవి. క్రొత్త పార్సర్ ప్రకరణాన్ని బట్టి నిర్ణయిస్తుంది. వాక్యారంభంలో తగిన రూపంలో వస్తే అది విధివాచకం, మిగిలిన చోట్ల మామూలు నామం. భోజన సమయంలో "సైంధవం తెమ్ము" అంటే ఉప్పు, ప్రయాణ సమయంలో అంటే గుర్రం అన్న ప్రసిద్ధ న్యాయం ఇక్కడ స్మరణీయం.

అసాధువాక్యాల విషయంలో కూడా మేలు జరిగింది. పూర్వం తప్పు వ్రాసినవారికి "వాక్యరచన చెల్లదు" అన్న తీర్పు మాత్రమే తరచుగా లభించేది. 3.10 నుండి, ఇక్కడ ద్విబిందువు ఉండవలసినది, సమానచిహ్నం ఒకటి కాక రెండు ఉద్దేశించారా అని మార్గం చూపే సందేశాలు వస్తున్నాయి. తప్పు అని గద్దించే పరీక్షకుడు ఒకడు, ఎక్కడ తప్పిందో చూపి మళ్ళీ చెప్పించే గురువు ఒకడు. యంత్రం మొదటి స్థితినుండి రెండవ స్థితికి ఎదిగింది.

సాధకునికి

1967లో ఇంగర్మన్ అనే పండితుడు, కంప్యూటరు భాషల వ్యాకరణాన్ని వర్ణించే బ్యాకస్ పద్ధతికి పాణిని పేరును కూడా చేర్చాలని ఒక శాస్త్రపత్రికలో సూచించారు. ఇది విని గర్వించడం సహజం. అయితే గర్వించడంతో ఋణం తీరదు. పాణిని పేరు కంటె, పాణిని గ్రంథాన్ని కాత్యాయన పతంజలులు పరీక్షించిన తీరును అనుసరించడమే ఆ పరంపరకు నిజమైన తర్పణం.

ప్రతి సాధకుని అంతఃకరణంలోనూ ఒక పార్సర్ పనిచేస్తూనే ఉంటుంది. శాస్త్రవాక్యాన్ని, గురువాక్యాన్ని, ఇంటివారి మాటను అది తనకు అలవాటైన వరుసలో విభజించి, మొదట కుదిరిన అర్థాన్ని పట్టుకుని అక్కడితో ఆగిపోతుంది. మొదట కుదిరినది రాగద్వేషాల వికల్పమైతే, దాని వెనుక ఉన్న వివేకపు వికల్పానికి వంతు రాదు. అందుకే శ్రవణంతో పాటు మననం విధించారు. మననమంటే విన్నదానిని పూర్వపక్షాల ముందు నిలబెట్టడం. ఇది ఇంతవరకు తెలిసిన సత్యాలకు విరుద్ధమా అని ఉక్తాన్ని, వరుస తప్పి విపరీతార్థాన్ని ఇస్తున్నదా అని దురుక్తాన్ని, దీనివలన ఎవరికైనా బాధ కలుగుతుందా అని అనుక్తాన్ని విచారించడం. ఆ విచారంలో క్రొత్త భావం నిలవకపోతే విడిచిపెట్టాలి. పాత విశ్వాసంలోనే దోషం బయటపడితే, భయపడక దానిని కూడా సరిదిద్దుకోవాలి. తాను ఎంత ప్రేమతో నిర్మించుకున్నదైనా సరే, పెద్దల ఎదుట ఉంచి "పరీక్షించండి" అనగలిగే వినయం కలిగిననాడు, పరీక్షించేవారికీ పరీక్షింపబడేవారికీ భేదం ఉండదు. ఇద్దరూ ఒకే అర్థాన్ని కాపాడుతున్నవారే.

సర్వం శ్రీపరమేశ్వరార్పణమస్తు.